గిన్నె మీద మడత

“అచ్చు ఇలా ఇవ్వు.”

పెద్దకోడలు చెయ్యి చాపి నిలబడింది. మోచేతుల దాకా పిండి. గొంతులో అరుపు లేదు. అరవాల్సింది నిన్ననే గిన్నెల మీద అరిచేసింది.

చిన్నకోడలు అచ్చుని రెండు చేతుల్లో పెట్టుకుని గుండెకి ఆనించుకుంది. అరచెయ్యంత ఇనప అచ్చు, మధ్యలో సిలువ. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ తుంచిపెట్టే రొట్టె మీద ఆ సిలువ పడాలి. వాళ్ల బేకరీ మొదలైననాటినించీ ఆ రొట్టె ఈ ఇంట్లోంచే చర్చికి వెళ్తోంది. ఇన్నాళ్లూ చేసింది అత్త; మంచాన ఉన్ననాళ్లు కూడా పిండి పక్కకి తెప్పించుకుని అచ్చు తనే వేసింది. అత్త చేతులు వణకడం మొదలయ్యాక అచ్చు ఎవరికి దక్కుతుందో ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

పిల్లి లెక్క తప్పింది. నిన్న భోజనాల దగ్గర అత్త దాన్ని తీసుకెళ్లి చిన్నకోడలి చేతిలో పెట్టింది.

“ఇవ్వనని కాదక్కా. అత్తయ్యగారు ఇచ్చారు. ఆవిడ ఊ అంటే ఇప్పుడే ఇచ్చేస్తా.”

“ఊ అనిపించుకోవాలా? నేను?”

“అనిపించుకో, ఏం పోయింది?” అంది బట్టీ గోడవారగా కుర్చీలో కూచున్న అత్త. “నిన్నటినించీ మూతి ముడుచుకుని గిన్నెలు విసిరికొడుతున్నావు. నాకు చేతులే వణుకుతున్నాయి, చెవులు బాగానే ఉన్నాయి. నోరు తెరిచి అడుగు.”

“అడుగుతున్నా అత్తయ్యా. దీనికెందుకిచ్చారు?”

“ఇవ్వాలనిపించింది, ఇచ్చా.”

“ఇది ఆ బట్టల బేరగాడి వెంట వెళ్లిపోయిననాడు మీరు మంచాన పడ్డారు. రెండేళ్లు. మీ ఒళ్లు తుడిచిందెవరు? చెంచాతో మీ నోట్లో పోసిందెవరు? దీని వంతు పిండి కూడా పిసికిందెవరు? చర్చి గచ్చు మోకాళ్ల మీద కడిగిందెవరు?”

“నువ్వే.”

“మరి?”

“మరేముంది? నువ్వు చెప్పేది కూలి లెక్క. కూలి అయితే నీకే రావాలి, కాదన్నవాడి నోరు నేనే మూయిస్తా. ఇది కూలి కింద ఇచ్చేది కాదే పిచ్చిదానా. ఆదివారం బడిలో పిల్లలకి చెప్పేది నువ్వేగా, రక్షణ ఎవరూ సంపాదించుకునేది కాదు, కృపవల్ల ఊరికే దొరికేదని?”

“పిల్లలకి చెప్పేది వేరు.”

“ఓహో. పెద్దవాళ్లకి వేరే దేవుడున్నాడా?”

పెద్దకోడలు చేతుల పిండిని గిన్నె అంచుకి గీకింది.

ఊరికే అన్న మాట చెమటోడ్చినవాళ్ల చెవిలో పడితే చెంప ఛెళ్లుమన్నట్టే ఉంటుంది. కుర్చీలో కూచుని కృప గురించి మాట్లాడటం తేలిక. మోకాళ్లు కాయలు కాసినదాన్ని అడగండి.

బట్టీ వెనకనించి పెద్దకోడలి మొగుడు తల బయటపెట్టాడు. ఆ ఇంట్లో గొడవ ముదిరినప్పుడల్లా అతనికి ఏదో పని గుర్తొస్తుంది.

“ఏమేవ్, ముసలమ్మకి పిండి పెట్టావా? పొద్దున్నించీ ఆకలితో ఉంది.”

“ఏ ముసలమ్మరా?” అంది అత్త.

“కుండలో ముసలమ్మ అమ్మా. నువ్వు కాదు.”

కుండలో ముసలమ్మ అంటే పాత పిండిముద్ద. రేపటి రొట్టెలు పొంగడానికి ఇవాళ్టి పిండిలోంచి తీసి దాస్తారు. రోజూ దానికి ఇంత పిండీ నీళ్లూ పడాలి. అమ్ముకునే రొట్టెలన్నిటికీ ప్రాణం అదే. బల్ల రొట్టెకి మాత్రం దాని గాలి కూడా సోకకూడదు. అది పులియని రొట్టె.

చిన్నకోడలికి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆపుకోవడం పెద్దకోడలు చూసింది.

“పెద్దదానా,” అంది అత్త, ఈసారి మెత్తగా. “దానికి చెయ్యి తిరగలేదు. దగ్గరుండి చూడు.”

అచ్చు దానికి. చాకిరీ తనకి.

*

శనివారం మధ్యాహ్నం. అమ్మకపు పిండి ముట్టుకోకముందే బల్ల రొట్టె పిండి కలపాలి. వేరే గిన్నె, వేరే నీళ్లు. చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. కలిపిన ముద్దని గుడ్డ కప్పి చల్లటి గదిలో ఉంచి, పొద్దున్నే పల్చగా ఒత్తి, అచ్చు వేసి కాల్చాలి.

చిన్నకోడలు ఒకసారి కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. గోళ్ల కింద పుల్లతో గీరి మూడోసారి కడుక్కుంది.

“తోలు ఊడేదాకా కడుగుతావా ఏంటి?”

“భయంగా ఉందక్కా. రేపు నాకు మొదటి బల్ల.”

కిందటి ఆదివారమే ఆమె బాప్తిస్మం తీసుకుంది. నీళ్లలోంచి లేచి, జుట్టంతా ముఖాన అంటుకుపోయి, చిన్నపిల్లలా ఏడ్చింది. చర్చంతా ఆమెతోపాటు ఏడ్చింది. వ్యాను తోలుకునే ఆమె మొగుడు, విడిచిపెట్టి వెళ్లినదాన్ని మారుమాట లేకుండా ఇంట్లోకి రానిచ్చినవాడు, అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. పెద్దకోడలు తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడింది. తను బాప్తిస్మం తీసుకున్ననాడు కళ్లు తడిపినవాళ్లు ఒక్కరూ లేరు. తప్పిపోనిదానికోసం ఎవడేడుస్తాడు?

పైగా దీనికి పాఠాలు చెప్పింది తనే. పాస్టరుగారు అడిగితే కాదనలేకపోయింది. ఎక్కడో ఒకచోట తప్పుతుందిలే అనుకుంది. తప్పలేదు.

“అక్కా, ఒకటి అడగనా?”

“పిండి చూసి కలుపు.”

“తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ ఒక్కటే అన్నావు. అప్పజెప్పమంటే అప్పజెప్పేశా. కానీ నాకు ఆశ్చర్యమేంటంటే, ఈ ఇంట్లో నువ్వూ బావగారూ అత్తయ్యగారూ ముగ్గురూ ఒక్క మాట మీద ఉన్న రోజు ఇంతవరకూ చూళ్లేదు. అక్కడ ఎప్పటికీ ఉంటారంటే ఎంత గొప్ప సంగతో కదా!”

బట్టీ వెనకనించి మొగుడు పకపకా నవ్వాడు. పెద్దకోడలు పెదవి కొరుక్కుంది. ఇన్నాళ్లూ బడిలో చెప్తోంది. ఆ సంగతి తనకెప్పుడూ ఆశ్చర్యంగా అనిపించలేదు. అది పాఠం, అంతే.

“ఇంకోటక్కా. మన తప్పు ఆయన మోశాడు కదా. ఒకళ్ల తప్పు ఇంకొకళ్లు మొయ్యడం న్యాయమేనా?”

“న్యాయం కాదు. ప్రేమ. అలాగే చెప్పమన్నారు.”

“మోసినాయనకి బరువుండదా?”

“ఉంటుంది. రక్తం కారింది కదా, బరువుండదా? గిన్నె వంకరగా పట్టుకున్నావు, సరిగ్గా పట్టుకో.”

చిన్నకోడలు ముద్ద చేసి, గిన్నె చల్లటి గదిలో పెట్టి, మీద గుడ్డ పడేసి, చేతులు దులుపుకుని బయటికెళ్లింది. గుడ్డ ఒక పక్క గిన్నె లోపలికి జారింది. ఆమె వెనక్కి తిరిగి చూసుకోలేదు. గుమ్మం దగ్గరే ఏదో పాట ఎత్తుకుంది.

ఆ పాటే కొంప ముంచింది.

ఏ మొహం పెట్టుకుని పాడుతుంది? ఇల్లు ఆర్పి వెళ్లినది, ఇంటికొచ్చి, బాప్తిస్మమై వారం తిరక్కుండా అచ్చు పుచ్చుకుని, పాట కూడానా? పశ్చాత్తాపపడింది, సరే. క్షమాపణ దొరికింది, సరే. కొంచెం తలొంచుకుని మూలన కూచోవచ్చుగా? తను ఇన్నాళ్లు కూచున్నట్టు!

పెద్దకోడలు కుండ మూత తీసింది. ముసలమ్మ బుడగలు వేస్తూ పుల్లగా గుప్పుమంది. గోలీ అంత గిల్లింది. చల్లటి గదిలోకెళ్లి ఆ ముద్దలో దాన్ని నొక్కి, రెండు మడతలు మడిచి, మళ్లీ నున్నగా చేసింది.

గుడ్డ లాగి కప్పేసి పారిపోదామనుకుంది.

కానీ చేతులు ఊరుకోలేదు. గుడ్డని నాలుగువైపులా సమంగా లాగాయి. ముందు అంచుని రెండుసార్లు మడిచి, ఎడమపక్క మూలని గిన్నె కిందికి దోపి, కుడి మూలని దాని మీదికి తెచ్చి బిగించాయి. దుమ్ము దూరదు, పిండి ఎండదు. అత్త నేర్పిన మడత అది. ఈ ఇంట్లో అలా వెయ్యడం వచ్చింది ఇద్దరికే. వణికే చేతులకి ఇప్పుడది కుదరదు.

అంటే ఒక్కరికే.

ఆ సంగతి ఆమెకి అప్పుడు తట్టనే లేదు. గిన్నె సరిగ్గా కప్పకుండా వదిలేయడం ఆమె వల్ల కాదు. పాడు చేసిన పిండి అయినా సరే.

*

ఆదివారం పొద్దున్న బట్టీలోంచి పళ్లెం లాగిన పెద్దకోడలి మొగుడు అలాగే నిలబడిపోయాడు.

“ఇదేంటి, బూరెలా ఊదింది?”

పల్చగా, గట్టిగా ఉండాల్సిన రొట్టె దిండులా ఉబ్బింది. అచ్చు వేసిన సిలువ ఆ పొంగులో సాగిపోయి, ఒక గీత మిగిలి ఒక గీత మాసిపోయింది. అప్పటికే చర్చి మొదటి గంట కొట్టేశారు. మళ్లీ కలపడానికి వేళ లేదు.

చిన్నకోడలు రొట్టె వంక చూసింది. తర్వాత పెద్దకోడలి వంక చూసింది. ఒక్క క్షణమే. చిన్నదాని ముఖంలో అప్పటిదాకా వెలుగుతున్నదేదో ఆరిపోయింది.

“నా చెయ్యే అయుంటుంది బావగారూ,” అంది. “సరిగ్గా కడుక్కోలేదు.”

మూడుసార్లు కడుక్కుంది. పెద్దకోడలు కళ్లారా చూసింది.

అత్త కుర్చీలోంచి ఆ పొంగు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత చల్లటి గది తలుపు వంక చూసింది.

*

చర్చి వెనక గదిలోనూ చిన్నకోడలు అదే మాట చెప్పింది. పాస్టరుగారు గుడ్డ తీసి చూసి నెమ్మదిగా కప్పేశారు.

“పొంగితే పొంగింది. దీంతోనే కానిద్దాం. పులుపు చూసి ప్రభువు మన మీద అలగడు.”

“రొట్టె సంగతి సరేనండీ,” అన్నాడు దర్జీ పెద్దాయన. చర్చిలో నలుగురు పెద్దల్లో ఆయన గొంతే పెద్దది. “చేసిన మనిషి సంగతేంటి? నిన్నగాక మొన్న నీళ్లలోంచి లేచింది. ఆవిడ చరిత్ర అందరికీ తెలిసిందే. చేతులు కడుక్కోవడం కూడా రానిదానికి పవిత్రమైన పని అప్పజెప్పారు. ఈ వారం ఆవిడని బల్లకి దూరంగా ఉంచండి. లేకపోతే రేపు జనానికి ఏం చెప్తాం?”

ఈయన కొలతలు తప్పి కుట్టిన చొక్కాలతో సగం చర్చి తిరుగుతోంది. ఎవరూ ఆయన్ని బల్లకి దూరంగా ఉంచలేదు.

“మొదటి బల్ల కదండీ ఆమెకి...” అన్నారు పాస్టరుగారు.

“అందుకే. మొదట్లోనే భయం తెలియాలి.”

పాస్టరుగారు మంచివారు. గట్టిగా మాట్లాడేవాణ్ణి చూస్తే ఆ మంచితనం గోడకి ఆనుకుని నిలబడుతుంది. “ఈ ఒక్క వారమే అమ్మా,” అన్నారు చిన్నకోడలితో, ఆమె ముఖం చూడకుండా.

“అలాగేనండీ,” అంది ఆమె.

అత్త చిన్నకోడలి ముందు చెయ్యి చాపింది. ఆమె అచ్చు ఇచ్చేసింది. అత్త రెండడుగులు వేసి దాన్ని పెద్దకోడలి అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలే మూసింది.

“ఇదేగా కావాలన్నావు. పట్టుకో.”

ఎన్నాళ్లనించో కోరుకున్న ఇనుము. ఇంత చల్లగా ఉంటుందనుకోలేదు.

*

వసారాలో పెద్దకోడలు చిన్నకోడలి మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“ఎందుకలా చెప్పావు?”

“ఎలా?”

“నాటకాలొద్దు. చెయ్యి కడుక్కోలేదని ఎందుకు చెప్పావు?”

చిన్నకోడలు చెయ్యి విడిపించుకోలేదు.

“పొద్దున్న గదిలోకెళ్తే గిన్నె మీద నీ మడత ఉందక్కా. చూసి ఏడ్చేశా. నేను గుడ్డ సరిగ్గా కప్పకుండా వచ్చేస్తే అక్క వెళ్లి కప్పింది, నా మీద కోపం పోయింది అనుకున్నా. అంత సంతోషంగా ఒత్తాను ఆ రొట్టె. బట్టీలో పొంగాకే అర్థమైంది.” గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “మడత నేనే విప్పేశాగా. ఎవరూ చూళ్లేదు. నీకేం భయం లేదు.”

పెద్దకోడలికి ఒళ్లంతా మండింది. తిట్టుంటే బాగుండేది. జుట్టు పట్టుకునుంటే ఇంకా బాగుండేది. తనూ తిరిగి పట్టుకునేది.

“నా మీద జాలా? నన్ను క్షమించడానికి నువ్వెవరే? అడిగానా నిన్ను?”

“అడగలేదు.”

“మరి?”

“నేనూ అడగలేదక్కా, వెళ్లిపోయిననాడు. నువ్వే చెప్పావు, మనం అడక్కముందే ఆయన మోశాడని. న్యాయం కాదు, ప్రేమ అని. నువ్వు చెప్తేనే నాకు తెలిసింది.”

“అది పాఠమే! పాఠం!”

“నాకు తెలీదు,” అంది చిన్నకోడలు అమాయకంగా. “నేను నిజమనుకున్నా.”

రెండో గంట కొట్టారు. ఆమె లోపలికెళ్లి అందరికంటే వెనక, తలుపు పక్క బెంచీ చివర కూచుంది.

పెద్దకోడలు అచ్చు పిడికిట్లో పట్టుకుని అక్కడే నిలబడింది. అన్నీ ఆ చిన్నదే పట్టుకుపోయింది. జనం కన్నీళ్లు పట్టుకుపోయింది. అత్త ప్రేమ పట్టుకుపోయింది. ఇప్పుడు క్షమించడం కూడా అదే చేసేసింది, పాఠాలు చెప్పిన తనకంటే ముందు. ఇక తనకేం మిగిల్చింది?

పాపం. అదొక్కటే మిగిలింది. దాన్ని కూడా ఆ వెనక బెంచీ మీద కూచుని ఒళ్లో పెట్టుకుంది.

*

పాట అయింది. ప్రార్థన అయింది. అందరూ కలిసి విశ్వాసప్రమాణం చెప్పారు. సిలువ వేయబడెను, పాతిపెట్టబడెను, తిరిగి లేచెను, పాపక్షమాపణ నమ్ముచున్నాను. ఎప్పుడూ పెద్దకోడలి గొంతే అందరికీ దారి చూపేది. ఇవాళ ‘పాపక్షమాపణ’ దగ్గర ఆ గొంతు ఆగిపోయింది. వెనకనించి ఒక సన్నటి గొంతు మాత్రం తడబడుతూ ఆ మాట పూర్తి చేసింది.

వరస కదిలింది. ముందు అత్త, వెనక పెద్దకోడలు. పాస్టరుగారు ఆ ఉబ్బిన రొట్టె తుంచి ఒక్కొక్కరికీ ఇస్తున్నారు. అత్త తన ముక్క తీసుకుంది. తినలేదు. వణికే చేతిలో పట్టుకుని, ఇంకో చేత్తో కోడలి భుజం ఆసరా చేసుకుంది. చూసేవాళ్లకి ముసలావిడ తూలిందనిపిస్తుంది.

“నిన్న సాయంత్రం మంచినీళ్లకని చల్లటి గదిలోకెళ్లా,” అంది చెవిలో. “మడత చూశా. నేను నేర్పినట్టే వేశావు. మనసు మారింది నా పెద్దదానికి అనుకుని, అక్కడే గోడ పట్టుకుని దేవుడికి స్తోత్రం చెప్పా.”

పెద్దకోడలు పిడికిలి బిగించింది, అచ్చు అంచు అరచేతిలో దిగింది.

“మరి... వెనక గదిలో... అచ్చు నాకెందుకిచ్చారు? దాన్నెందుకు నా తప్పు మొయ్యనిచ్చారు?”

“నేను చెప్తే నీ దొంగపని బయటపడినట్టవుతుంది. నువ్వు చెప్తే వేరు.” అత్త చెయ్యి తీసేసింది. “అచ్చు నీదే. ఇంక నేను తీసుకోను. చిన్నదానికి మాత్రం ఇది మొదటి బల్ల.”

అత్త పక్కకి జరిగింది. పెద్దకోడలికీ పాస్టరుగారికీ మధ్య ఎవరూ లేరు. వెనక వరసలో దర్జీ పెద్దాయన అసహనంగా దగ్గాడు. తలుపు పక్క బెంచీ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. చిన్నకోడలు తలొంచుకుని ఉంది. మూలన కూచోమని తను కోరుకున్నట్టే, సరిగ్గా మూలన.

ఇన్నాళ్లూ తను కూచున్న మూల. అక్కడ కూచున్నదాన్ని చూస్తే కూడా కడుపు మండుతోంది.

పాస్టరుగారు రొట్టె తుంచారు. ముక్క మీద సగం సిలువ. తీసుకోవాలంటే రెండు చేతులూ చాపాలి. చేతులు చాపాలంటే అచ్చు వదలాలి.

“తీసుకో అమ్మా,” అన్నారు ఆయన.

పెద్దకోడలి పిడికిలి విడింది. అచ్చు గచ్చు మీద పడి ఖంగుమంది. ఎన్నోసార్లు తనే మోకాళ్ల మీద కడిగిన గచ్చు. చర్చంతా తిరిగి చూసింది. తలుపు పక్క బెంచీ మీద వంచిన తల లేచింది. ‘వద్దక్కా’ అన్నట్టు అటూ ఇటూ ఊగింది.

పెద్దకోడలు నోరు తెరిచింది. రొట్టె కోసమేననుకుని పాస్టరుగారు చెయ్యి ముందుకి చాపారు.